మనది ప్రచారం, వాళ్ళది దుష్ప్రచారమా?

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒంగోలు నుంచి ఒక పెద్దాయన రాసింది చదివాను. పిల్లలు ఫోన్లో వచ్చిందల్లా నమ్మి చెడిపోతున్నారని, ఇంటర్ అయ్యేదాకా చేతికి ఫోనే ఇవ్వకూడదని ఆయన బాధ. బాధ నిజమే గానీ, వచ్చిందల్లా నమ్మేది పిల్లలేనా అన్న దగ్గర ఆయనతో నాకు పేచీ ఉంది. నేను టంగుటూరు మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను, పందొమ్మిదేళ్ళ సర్వీసు. ముందు నా బండారం నేనే బయటపెట్టుకుని, తర్వాత పిల్లల సంగతికి వస్తాను.

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలయ్యాక నాలుగు రోజులు మన ఇళ్ళల్లో టీవీలు ఆగలేదు, గుర్తుంది కదా. వేసవి సెలవులు, పైగా ఉక్కపోత, ఎటూ నిద్ర పట్టదు. మే 8 రాత్రి పదకొండు దాటాక మా స్టాఫ్ గ్రూపులో నేనే ఒక వీడియో పెట్టాను, కరాచీ ఓడరేవు తగలబడిపోతోందని. మంట ఆకాశానికి లేచింది, జనం కేకలు. ఎవరు తీశారో, ఎక్కడిదో చూడలేదు. కింద జై హింద్ అని కొట్టి పంపేశాను. టీవీలో కూడా అదే చెప్తున్నారు, యాంకరమ్మ సైరన్ మోత మధ్య కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చెప్తోంది, ఇంక అనుమానం ఎందుకొస్తుంది? తర్వాత తేలిందేమిటంటే కరాచీ ఓడరేవు కాలిందీ లేదు, కూలిందీ లేదు. ఆ వీడియో అమెరికాలో ఫిలడెల్ఫియా అనే ఊళ్ళో అదే ఏడాది జనవరి 31న ఒక చిన్న విమానం ఇళ్ళ మధ్య పడినప్పటిది. మళ్ళీ వేసి చూసుకుంటే, రోడ్డు మీద బండ్లు కుడిపక్కన పోతున్నాయి. పాకిస్తాన్లో మనలాగే ఎడమపక్కన పోతాయి. ప్రపంచ పటం గోడకి తగిలించి పాఠం చెప్పే మనిషిని, ఆ మాత్రం చూసుకోలేదు. సిగ్గేసి డిలీట్ కొట్టాను గానీ, అప్పటికే మా డ్రాయింగ్ మాస్టారు దాన్ని వాళ్ళ ఊరి గ్రూపులో వేసేశారు, అక్కణ్నుంచి ఎన్ని ఊళ్ళు తిరిగిందో దేవుడికెరుక.

అదే వారం మా ఊరి బస్టాండు దగ్గర టీ కొట్టులో ఇంకొకటి జరిగింది. నాకు జూన్లో బడి తెరిచాక తెలిసింది. పెద్దవాళ్ళంతా ఒక ఫోన్ చుట్టూ మూగి, రాత్రిపూట విమానాన్ని తుపాకులతో కూల్చేస్తున్న వీడియో చూస్తున్నారట. మా తొమ్మిదో తరగతి పిల్లాడు పాల ప్యాకెట్ కోసం వచ్చి, భుజాల మీదుగా తొంగి చూసి, "ఇది గేమ్ పెదనాన్నా, ఆర్మా త్రీ, మా అన్న కంప్యూటర్లో ఆడతాడు" అన్నాడు. వీపు మీద ఒకటి పడింది. "సరిహద్దులో వాళ్ళు ప్రాణాలిస్తుంటే నీకు గేములాగా ఉందంట్రా" అని. పిల్లాడు చెప్పిందే నిజం. ఆ నాలుగు రోజుల్లో ఆ గేములోంచి కోసిన ముక్కలు రెండు దేశాల్లోనూ అసలు యుద్ధంగా చలామణి అయ్యాయి, మన కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీలో ఫ్యాక్ట్ చెక్ వాళ్ళే అలాంటివి వీడియో గేములని చెప్పాల్సి వచ్చింది. అంటే ఆ టీ కొట్టులో అంతమంది పెద్దల మధ్య కళ్ళు తెరుచుకుని చూసింది ఒక్కడే, వాడికే దెబ్బ పడింది.

అందుకే ఒంగోలు పెద్దాయనకి నేను చెప్పేదేమిటంటే, ఫోన్ లాక్కుంటే పని అయిపోదు. యుద్ధం వచ్చినప్పుడు మాటలు ఎలా తయారవుతాయో, బొమ్మలు ఎలా తయారవుతాయో హైస్కూల్లోనే నేర్పాలి. అదీ అవతలివాడి అబద్ధాలు పట్టుకోవడం ఒక్కటే కాదు. అవతలివాడి అబద్ధం పట్టుకోవడానికి చదువెందుకు, కోపం ఉంటే చాలు. మన చెవికి ఇంపుగా ఉన్నదాన్ని, మనం నిజమైతే బాగుండనుకున్నదాన్ని ఆపి చూడటమే కష్టం. నేను తప్పింది అక్కడే.

మన భాషలోనే ఒక తిరకాసు ఉంది చూడండి. ప్రచారం అంటే తప్పు మాట కాదు. ఎన్నికల ప్రచారం, పల్స్ పోలియో ప్రచారం, తిరునాళ్ళ ప్రచారం, అన్నిటికీ అదే మైకు, అదే ఆటో. ఎదుటివాడు చేస్తే మాత్రం దానికి ముందు ఒక ‘దుష్’ తగులుతుంది. ఇంకా మండితే గోబెల్స్ ప్రచారం అంటాం. మీ పేపర్లో కూడా వారానికి రెండుసార్లయినా కనపడుతుంది ఆ మాట, ఈ పార్టీ ఆ పార్టీని, ఆ పార్టీ ఈ పార్టీని. గోబెల్స్ ఎవరు అని మా పదో తరగతిలో అడిగితే ఒక పిల్ల లేచి, "అబద్ధాలు చెప్పే వాళ్ళని అంటారు మేడం" అంది. అది మనిషి పేరని, హిట్లర్ ప్రచార మంత్రి పేరని తెలియదు. తప్పు వాళ్ళది కాదు. ఒక అబద్ధాన్ని వందసార్లు చెబితే నిజమైపోతుందని గోబెల్స్ అన్నాడని మనం చెప్పుకుంటాం గదా, ఆ వాక్యం అతను ఎక్కడా అన్నట్టు ఆధారం దొరకలేదని చరిత్రకారులు అంటారు. ప్రచారం గురించి మనకు బాగా తెలిసిన ఒక్క మాటా వందసార్లు విని నమ్మిందే.

పాఠం పుస్తకంలో లేక కాదు. మేం చెప్పిన తొమ్మిదో తరగతి చరిత్రలో నాజీజం పాఠం ఉంది, అందులో ప్రచార కళ అని ఒక భాగమే ఉంది. యూదుల్ని ఎలుకలతో, పురుగులతో పోల్చడం, చంపడాన్ని చంపడం అనకుండా ‘ప్రత్యేక చికిత్స’ అనడం, విషవాయువు గదులకు ‘క్రిమిసంహారక ప్రదేశాలు’ అని బోర్డు పెట్టి పైన ఉత్తుత్తి షవర్లు బిగించడం, అన్నీ రాసి ఉన్నాయి. చదివితే ఒళ్ళు గగుర్పొడిచే పేజీ అది. కానీ పరీక్షకి వచ్చే ప్రశ్న, నాజీల ప్రచారం యూదుల మీద ద్వేషం పెంచడంలో ఎందుకు అంత బాగా పనిచేసింది, అని. గైడులో జవాబు ఉంటుంది, ఆరు పాయింట్లు. పిల్లలు బట్టీ కొడతారు, మేం మార్కులేస్తాం. ఆరు పాయింట్లూ తప్పు లేకుండా రాసిన పిల్లే సాయంత్రం ఇంటికెళ్ళి, ఫలానా వాళ్ళ కొట్లో కొనొద్దు, తిండిలో ఏదో కలుపుతున్నారట, అన్న మెసేజీ పదిమందికి పంపుతుంది. పాఠానికీ మెసేజీకీ సంబంధం ఉందని దానికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, పద్దెనిమిదేళ్ళు.

జూన్ నుంచి శనివారం ఆఖరి పీరియడ్ తీసుకున్నాను. మా హెడ్మాస్టర్ గారు ముందు టెన్షన్ పడ్డారు, సిలబస్ ఏమవుతుంది, పైనుంచి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అని. పాఠం పేరు మార్చి ‘నాజీజం, అదనపు కృత్యం’ అని లెసన్ ప్లాన్లో రాసిస్తే ఊరుకున్నారు. (కృత్యం అనే మాట ఉంటే మా డిపార్ట్‌మెంటులో ఏదైనా నడుస్తుంది.)

మొదటి రోజు యుద్ధం ఊసే ఎత్తలేదు. మా దగ్గరిదే ఒక వీడియో వేశాను. మన వైపు సింగరాయకొండ దగ్గర, కొరిశపాడు దగ్గర హైవే మీద అత్యవసర రన్‌వేలు కట్టారు గదా, యుద్ధం రోజుల్లో ‘మన హైవే మీద ఫైటర్లు తిరుగుతున్నాయి, ఇవాళ ఉదయమే’ అని ఒకటి మా ఊళ్ళన్నీ చుట్టింది. కొందరు బియ్యం, పప్పులు కొని పెట్టుకున్నారు కూడా. దాన్ని మాట లేకుండా మూడుసార్లు వేసి, ఏం కనపడుతుందో చెప్పమన్నాను. విమానం, రోడ్డు, పోలీసులు, జనం. ఇంకా? నిశ్శబ్దం. నాలుగోసారి వేసేటప్పుడు వెనక బెంచీలో ఒక పిల్లాడు, క్లాసులో ఎప్పుడూ నోరు తెరవడు, వాళ్ళ నాన్న పొగాకు వేస్తాడు, లేచి నిలబడ్డాడు. "మేడం, రోడ్డు పక్క చేలో పొగాకు పచ్చగా ఉంది మేడం. మే నెలలో చేలో పొగాకు ఎక్కడుంటది? అప్పటికి ఆకంతా రెలిచి, కాల్చి, బోర్డుకి తోలేస్తాం గదా." అంతే, క్లాసంతా లేచింది. ఇంకొకరు పోలీసాయన స్వెట్టర్ చూపించారు, ఇంకొకరు మంచు. అది 2022 డిసెంబరులో కొరిశపాడు దగ్గర ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ట్రయల్ చేసినప్పటి వీడియో. వీడియో అబద్ధం కాదు, విమానాలు అబద్ధం కాదు, ‘ఇవాళ ఉదయమే’ అన్న రెండు మాటలే అబద్ధం. యుద్ధకాలపు అబద్ధాల్లో నాకు తెలిసినంతలో సగం ఇలాంటివే, వస్తువు అసలుది, చీటీ నకిలీది. ఆ పిల్లాడు ఆ రోజు నుంచి ముందు బెంచీకి వచ్చాడు.

తర్వాత వారం పాత పోస్టర్లు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్లో 1915లో వేసిన ఒక పోస్టర్ ఉంది, సోఫాలో కూర్చున్న తండ్రి ఒళ్ళో కూతురు, కింద కొడుకు బొమ్మ సైనికులతో ఆడుకుంటుంటాడు, కూతురు అడుగుతుంది, నాన్నా, మహాయుద్ధంలో నువ్వేం చేశావు, అని. తండ్రి మొహంలో జవాబు లేదు. ఇందులో అబద్ధం ఎక్కడుంది అని అడిగాను. చాలాసేపు వెతికారు. లేదు. ఇందులో అబద్ధమే లేదు, అసలు సమాచారమే లేదు. కత్తి, తుపాకి, శత్రువు ఏమీ లేకుండా, చేరకపోతే రేపు నీ కూతురి మొహం ఎలా చూస్తావురా అని సిగ్గు మీద కొట్టడం. ఒక పిల్ల, "మా అమ్మ కూడా ఇట్టాగే అడుగుద్ది మేడం, పక్కింటి పిల్లకి ఎన్ని మార్కులొచ్చినయ్యో తెలుసా అని" అంది. నవ్వులు. కానీ ఆ పిల్లకి అర్థమైనంతగా నా ఆరు పాయింట్లతో ఎవరికీ అర్థం కాలేదు.

1937లో అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్రొపగాండా అనాలిసిస్ అని ఒక సంస్థ పెట్టి, ప్రచారంలో వాడే ఎత్తుగడలకు ఏడింటికి పేర్లు పెట్టి హైస్కూళ్ళకు పంపించారు. ఏడూ ఇక్కడ రాయను గానీ, మా పిల్లలు వాటికి పెట్టుకున్న పేర్లు రెండు మూడు చెప్తాను. మంచి ముక్కలు పైన పేర్చి మిగతాది దాచే దానికి వాళ్ళ పేరు ‘బుట్ట పైవరస’. హైవే పక్కన మామిడికాయల బుట్ట కొని ఇంటికెళ్ళి అడుగు చూసుకున్నవాళ్ళకి అర్థమవుతుంది (ఉలవపాడు వాళ్ళు కోప్పడకండి, అన్ని ఊళ్ళల్లోనూ ఉంది). నేనూ మీలాంటి మామూలు మనిషినే అని చూపించుకునే దానికి ‘దోసెలు పోయడం’, ఎన్నికలప్పుడు అభ్యర్థులు హోటల్లో పెనం దగ్గర నిలబడి ఫొటో దిగుతారే, అది. అందరూ ఇటే ఉన్నారు, నువ్వొక్కడివే మిగిలావు అనేదానికి ‘జాతర బండి’. పేర్లు పెట్టుకున్నాక పట్టుకోవడం ఎంత తేలికైపోయిందంటే, ఇప్పుడు బట్టల షాపు ప్రకటన చూసినా ఇది బుట్ట పైవరస మేడం అంటున్నారు. ఆ అమెరికా సంస్థ సంగతి మాత్రం వినండి. హిట్లర్ మాటల్ని చీల్చి చూపిస్తున్నన్నాళ్ళు బాగానే నడిచింది, 1941 డిసెంబరులో అమెరికా తనే యుద్ధంలోకి దిగాక, 42కల్లా మూతపడింది. ఇప్పుడు మన పోస్టర్లు కూడా అదే కళ్ళతో చూస్తారేమో అన్న ఇబ్బంది ఎవరికైనా ఉంటుంది.

మన మాటలు కూడా అవే కళ్ళతో చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి నా దగ్గర రెండు కథలున్నాయి. రెండూ గెలిచిన పక్షాలవే, కావాలనే ఎంచుకున్నాను.

1917 ఏప్రిల్లో లండన్ పత్రికలు ఒక వార్త వేశాయి, జర్మన్లు యుద్ధంలో చచ్చిపోయిన తమ సైనికుల శవాలనే ఫ్యాక్టరీలో మరిగించి కొవ్వు తీస్తున్నారని. జర్మన్ భాషలో కడావర్ అన్న మాటను మామూలుగా జంతువుల కళేబరానికి వాడతారు, దాన్ని మనిషి శవం చేసేశారు. ప్రపంచమంతా అసహ్యించుకుంది. 1925లో బ్రిటన్ విదేశాంగ మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ పార్లమెంటులో, ఆ కథకు ఆధారం లేదని ఒప్పుకున్నాడు. అప్పటికి యుద్ధం అయిపోయి ఏడేళ్ళు, ఇంక ఎవరికి నష్టం అనిపిస్తుంది. నష్టం తర్వాత వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో యూదులను గ్యాస్ పెట్టి చంపుతున్నారని నిజమైన కబురు బయటకు వచ్చినప్పుడు, ఆ పాత శవాల కథ గుర్తున్నవాళ్ళు చాలామంది ఇదీ అలాంటిదేలే అనుకున్నారు. నాన్నా పులి కథ ఒకటో తరగతి నుంచీ చెప్తాం పిల్లలకి, కానీ మన పిలగాడే, మన మంచికే, పులి పులి అని అరిచినా అంతేనని చెప్పం.

రెండోది 1990 అక్టోబరుది. మా క్లాసులో ఇద్దరి అమ్మలు కువైట్లో ఇళ్ళల్లో పనికి వెళ్ళారు, అందుకని కువైట్ అనగానే వాళ్ళిద్దరూ ముందుకు జరిగి కూర్చున్నారు. ఇరాక్ కువైట్‌ని ఆక్రమించుకున్న రెండు నెలలకి, అమెరికాలో చట్టసభ సభ్యుల ముందు నయీరా అనే పదిహేనేళ్ళ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది, ఆస్పత్రిలో ఇరాకీ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసిబిడ్డలను తీసి చల్లటి నేల మీద పడేశారని, తను కళ్ళారా చూశానని. అమెరికా అధ్యక్షుడు ఎన్నో ప్రసంగాల్లో ఆ బిడ్డల సంగతి ఎత్తాడు. 1991 జనవరిలో అమెరికా యుద్ధానికి దిగింది. 1992లో బయటపడింది, ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యం వెనక కువైట్ డబ్బుతో నడిచిన ఒక పీఆర్ కంపెనీ ఉందని, ఇంక్యుబేటర్ల కథకు ఆధారాలు దొరకలేదని. ఇది చెప్పాక, కువైట్లో అమ్మ ఉన్న పిల్లల్లో ఒకతె అడిగింది, "మరి ఇరాక్ కువైట్ మీద పడటం నిజమే కదా మేడం, నిజం ఉండగా ఇంకా అబద్ధం ఎందుకు కలిపారు?" పందొమ్మిదేళ్ళల్లో నా క్లాసులో ఇంతకంటే మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను వెంటనే జవాబు చెప్పలేదు, చర్చ పెట్టాను. దేశం పోయిందంటే దూరంగా ఉన్నవాళ్ళకి మనసు కదలదు, బిడ్డ పోయిందంటే కదులుతుంది, అని చివరికి వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు.

ఇక్కడ నాకు పెద్ద చిక్కు వచ్చింది, దాచుకుంటే ఈ ఉత్తరానికి అర్థం లేదు. ఆగస్టు వచ్చేసరికి మా పిల్లలు ఏది చెప్పినా, ఫేక్ మేడం, అనడం మొదలుపెట్టారు. చంద్రయాన్ ఫేక్, కరోనా ఫేక్. ఒక రోజు ఒకడు నవ్వుతూ, "అయితే పహల్గాంలో 26 మంది చనిపోయారన్నది కూడా ప్రచారమేనేమో మేడం" అన్నాడు. నాకు కోపం ఆగలేదు, గట్టిగా అరిచేశాను. ఆ 26 మందిలో మన రాష్ట్రం వాళ్ళున్నారు, శవాలు ఇంటికొచ్చాయి, ఊరంతా వెనక నడిచారు. తర్వాత స్టాఫ్ రూంలో కూర్చుని ఆలోచిస్తే తప్పు నాదేననిపించింది. అబద్ధాలు ఎలా పుడతాయో వరసగా రెండు నెలలు చెప్పాను, నిజాన్ని ఎలా గుర్తుపట్టాలో ఒక్క రోజూ చెప్పలేదు. అన్నీ నమ్మేవాణ్ని తీసుకొచ్చి ఏదీ నమ్మనివాణ్ని చేస్తే, వాడు ఇంకా తేలిగ్గా దొరుకుతాడు, ఎందుకంటే ఏదీ నిజం కాదన్నాక తనకి నచ్చిందే నిజం.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. ఘాజీ కథతో మొదలుపెట్టాను. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖపట్నం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన నేవీ, మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలతో (నీళ్ళ అడుగున పేలే బాంబులు) మునిగిందంటుంది. పాకిస్తాన్, లోపలే ఏదో పేలిందని, లేదంటే తను పెట్టిన మైనే తగిలిందని అంటుంది. బోర్డు మీద గీత గీసి, ఇద్దరూ ఒప్పుకునేవి ఒక పక్క రాయమన్నాను. మునిగింది, విశాఖ దగ్గరే, ఆ రాత్రే, అందులో ఉన్నవాళ్ళెవరూ బతకలేదు. శిథిలం ఇప్పటికీ అక్కడే సముద్రం అడుగున ఉంది. ఎలా మునిగింది అన్నది రెండో పక్క. ఇది చేశాక పిల్లల మొహాల్లో ఆ వెటకారం పోయింది. గట్టి నేల ఎక్కడిదాకా ఉందో, బురద ఎక్కడ మొదలైందో కాలితో తడిమి చూసుకున్నట్టయింది.

ఆ కథలోనే ఇంకో మెలిక ఉంది. ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ని ముందే అండమాన్ వైపు తప్పించి, అది విశాఖ దగ్గరే ఉందని పాకిస్తాన్ నమ్మేలా రాజ్‌పుత్‌తో ఉత్తుత్తి వైర్‌లెస్ సందేశాలు పంపించారు మనవాళ్ళు. అంటే మనమూ అబద్ధమాడాం. తప్పా? క్లాసు రెండుగా చీలింది. గంట కొట్టినా లేవలేదు. శత్రువుకి చెప్పే అబద్ధం వేరు, సొంత జనానికి చెప్పే అబద్ధం వేరు అని ఒక జట్టు, శత్రువుకి చెప్పింది సొంత జనం చెవిలో పడకుండా ఎలా ఉంటుంది అని ఇంకో జట్టు. ఇందులో నా అభిప్రాయం నాకుంది, వాళ్ళకి చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

మీరనుకుంటున్నది నాకు తెలుసు, తల్లిదండ్రులు ఊరుకున్నారా అని. ఒకాయన వచ్చారు. ఆర్మీలో చేసి రిటైరై ఊళ్ళో ఉంటున్నాయన. మా పిల్లలకి మన సైన్యం మీద అనుమానం నేర్పుతున్నారంట గదా అని గుమ్మంలోనే నిలదీశారు. కూర్చోండి, ఈ పీరియడ్ చూసి అప్పుడు తిట్టండి, అన్నాను. వెనక బెంచీలో కూర్చున్నారు. పీరియడ్ అయ్యాక తిట్టలేదు. లేచి పిల్లలకి తన సంగతి చెప్పారు. 1999లో కార్గిల్ అప్పుడు ఆయన డ్యూటీ వేరే చోట, మంచి భోజనం చేసి నిద్రపోతున్నారట. ఇక్కడ ఊళ్ళో మాత్రం, మీవాడి యూనిట్ మొత్తం పోయిందట, అని ఎవరో అన్నారు. పక్క ఊరి నుంచి బంధువులు పరామర్శకి దిగారు. ఫోన్ కలిసేదాకా మూడు రోజులు వాళ్ళమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "ఆ పుకారు పుట్టించింది పాకిస్తానోడు కాదమ్మా, మా వీధి చివర కొట్టాయనే, ప్రేమతోనే చెప్పాడు" అన్నారు ఆయన నాతో, బయటికి వెళ్తూ. ఇప్పుడు నెలకోసారి వస్తున్నారు, ఊరకే కూర్చుంటారు.

ఇదంతా ఒక్క టీచర్ సరదా కింద మిగిలిపోకూడదని ఈ ఉత్తరం. కేరళలో కన్నూర్ జిల్లాలో 2018లోనే కలెక్టర్ పూనుకుని నూటయాభై దాకా సర్కారు బళ్ళల్లో తప్పుడు వార్తల మీద క్లాసులు పెట్టించారు, అక్కడ పనిచేసింది ఇక్కడ ఎందుకు చేయదు? పాఠానికి ఎంత బలం ఉందో నెల్లూరు, ప్రకాశం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి వాచకంలో ఒక సారా పాఠం చదువుకున్న ఆడవాళ్ళు సారా మీద ఎలా తిరగబడ్డారో 1992లో దేశమంతా చూసింది. (ఆ వాచకం కూడా ప్రచారమే కదా మేడం అని మా పిల్లలు అడిగారు. అవును, ప్రచారమే. దాన్ని కూడా అవే ప్రశ్నలు వేసి చూడండి, నిలబడుతుందో లేదో, అన్నాను.)

పెద్ద కోరికలేం లేవు నాకు. కొత్త సబ్జెక్టు వద్దు, కొత్త యాప్ అసలే వద్దు, ఫొటోలు అప్‌లోడ్ చేసే ఓపిక ఏ టీచర్‌కీ మిగల్లేదు. నాజీజం పాఠం మీద పరీక్షలో ఆ పాత ప్రశ్న తీసేసి, పిల్లలు ఎప్పుడూ చూడని ఒక పోస్టర్ ఇచ్చి, ఇది నీ చేత ఏం చేయించాలని చూస్తోంది, అని అడిగితే చాలు. పరీక్షలో అడిగితే గైడులు మారతాయి, గైడులు మారితే మేమూ మారతాం, అదీ మా సంగతి. ఇంకొకటి, పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్సీఈఆర్టీ వాళ్ళు రెండు పక్షాల పోస్టర్లూ, కరపత్రాలూ ఒక యాభై అచ్చేసి బడికో సెట్టు ఇవ్వాలి. నెట్‌లో ఉన్నాయి గదా అంటారు, మా బడి నెట్ సంగతి మాకు తెలుసు. రెండు పక్షాలవీ అని మళ్ళీ చెప్తున్నాను, శత్రువులవి ఒక్కటే ఇస్తే అది ఇంకో పోస్టర్ అవుతుంది.

చివరగా మీతో ఒక పని ఉంది. 2025 మే 8, 9, 10, 11 తేదీల మీ పేపర్ మా జిల్లా ఎడిషన్ కాపీలు గోడౌన్లో ఎక్కడైనా మిగిలి ఉంటే ఒక ఇరవై కట్ట కట్టి మా బడికి పంపించగలరా? ఖర్చు మేం పెట్టుకుంటాం. మే 9న మొదటి పేజీలో మీరు వేసిన హెడ్డింగ్ నాకు బాగా గుర్తుంది, ఇక్కడ రాయను. పిల్లలు ఏమంటారో పాఠం అయ్యాక రాసి పంపుతాం, వేస్తారో లేదో మీ ఇష్టం.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా.